మధ్యాహ్నం గడిలో సున్నా
(యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో చేసిన ఉపన్యాసం, పూర్తి పాఠం)



సుబ్బారావు గారి పేరు చెప్పగానే తెలుగువాళ్లకు మందులు గుర్తొస్తాయి. బోదకాలుకు హెట్రజాన్, రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం, సూక్ష్మజీవుల మీదికి ఆరియోమైసిన్. అయితే 1895లో భీమవరంలో పుట్టిన ఈ మనిషి మందుల కంపెనీ గడప తొక్కకముందు హార్వర్డ్ వైద్య కళాశాలలో చాలా ఏళ్లు కండ మీద పనిచేశారు. సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కనిపెట్టారు. కండ కదిలితే లోపల ఖర్చయ్యే సరుకేమిటో లెక్క చూపించినవారిలో ఆయన ఒకరు. అందుకే ఆయన సభలో ఆఫీసు కుర్చీ ఊసెత్తడానికి నేను సంకోచించడం లేదు. కండ కదలనప్పుడు ఖర్చు కాకుండా మిగిలిపోయేదేమిటి, అది మధుమేహం ఉన్న ఉద్యోగిని ఏం చేస్తుంది, ఆ లెక్క ఎవరు సరిచెయ్యాలి అన్నదే ఈ పూట విషయం.

మధుమేహం ఉన్నవారి ఇళ్లలో ఫ్రిజ్ మీదో దేవుడి గూటి పక్కనో ఉండే మందులచీటీని ఒకసారి గుర్తు చేసుకోండి. మాత్ర పేరు పక్కన 1-0-1 అని రాసి ఉంటుంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, మధ్యాహ్నం సున్నా. డాక్టరు నోటితో చెప్పే సలహా కూడా అలాగే ఉంటుంది. పొద్దున నడవండి, రాత్రి తక్కువ తినండి. మధ్యాహ్నం గురించి ఆయన ఏమీ చెప్పడు, ఎందుకంటే మధ్యాహ్నం రోగి ఇంట్లో ఉండడు, ఆఫీసులో ఉంటాడు. మెలకువగా ఉన్న సమయంలో సగం దాకా గడిచేది అక్కడే. అన్నం, పప్పు, పెరుగు కలిసిన కారియర్ ఖాళీ అయ్యేది అక్కడే. ఆ తర్వాత ఒకటి రెండు గంటల పాటు రక్తంలో చక్కెర రోజు మొత్తంలోకెల్లా ఎత్తుకు ఎక్కే అవకాశం ఉన్నది కూడా అక్కడే. సరిగ్గా ఆ వేళకే రోగి కుర్చీలో కదలకుండా ఉంటాడు.

ఇది కొద్దిమంది సంగతి కాదు. భారత వైద్య పరిశోధన మండలి సాయంతో దేశమంతా జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2023లో చెప్పిన లెక్క ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. హైదరాబాద్ ఈ వరసలో చాలా ముందే ముందుకొచ్చింది. ఆరు మహానగరాల్లో జరిపి 2001లో ప్రచురించిన జాతీయ పట్టణ మధుమేహ సర్వేలో అన్నిటికన్నా ఎక్కువ శాతం, 16.6, ఈ నగరానిదే. అప్పటికి హైటెక్ సిటీ ఇంకా కళ్లు తెరుస్తోంది. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మంది కాలేయంలో కొవ్వు పేరుకుని ఉందని తేలింది. కాలేయంలో కొవ్వు, కండలో ఇన్సులిన్ మాట చెల్లకపోవడం, తర్వాత మధుమేహం, ఇవి ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లు.

కండలో ఏం జరుగుతుందో కొంచెం నిదానంగా చూద్దాం, ఎందుకంటే నా వాదన మొత్తానికి పునాది అక్కడే ఉంది. భోజనం తర్వాత రక్తంలోకి వచ్చిన గ్లూకోజులో పెద్ద వాటాను తీసుకోవలసింది కండరాలే. మామూలుగా ఆ తలుపు తీయించేది ఇన్సులిన్. అది తట్టగానే కండకణం లోపల దాగి ఉన్న గ్లూట్-4 అనే రవాణా ప్రోటీన్లు పైపొరకు వచ్చి గ్లూకోజును లోపలికి చేరవేస్తాయి. రెండో రకం మధుమేహంలో ఈ తట్టడం సరిగా వినబడదు. ఇన్సులిన్ ఉన్నా తలుపు సగమే తెరుచుకుంటుంది. కానీ అదే తలుపుకు ఇంకో గొళ్లెం ఉంది. కండ ముడుచుకుని సాగినప్పుడల్లా ఏటీపీ ఖర్చవుతుంది, ఆ ఖర్చులోంచి ఏఎంపీ పోగవుతుంది, ఏఎంపీ పెరిగిందని పసిగట్టి ఏఎంపీకే అనే ఎంజైము మేల్కొంటుంది. దానితోపాటు మరికొన్ని సంకేతాలు కలిసి గ్లూట్-4ను పైకి పంపుతాయి. ఈ దారిలో ఇన్సులిన్‌తో పని లేదు. మధుమేహం ముదిరినవారిలో కూడా ఈ రెండో గొళ్లెం చాలావరకు పనిచేస్తుంది. సుబ్బారావు గారు 1929లో చూపించిన పదార్థం ఖర్చు కావడమే దీనికి తాళంచెవి. తొడ, పిర్ర, పిక్క, అంటే ఒంట్లోని అతిపెద్ద కండలు, కూర్చున్నంతసేపూ ఈ తాళంచెవిని జేబులోనే ఉంచుకుంటాయి.

కూర్చునే వృత్తులు ఒంటికి పడవని అనుమానం పాతదే. పనివాళ్ల జబ్బుల మీద మొదటి గొప్ప గ్రంథాన్ని 1700లో ప్రచురించిన ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రమజ్జీని దర్జీలను, చెప్పులు కుట్టేవారిని గమనించి, కనీసం సెలవు రోజుల్లోనైనా ఒళ్లు వంచి కసరత్తు చేయమన్నాడు. తర్వాతి ముద్రణలో రాతగాళ్లను, గుమస్తాలను కూడా చేర్చాడు. మనవైపు సుశ్రుత సంహిత మరీ కఠినం. ప్రమేహం, అంటే మధుమేహం వంటి జబ్బు, ఉన్నవాణ్ణి వంద యోజనాలు నడవమంది, లేదా బావి తవ్వమంది. మంచి వైద్యమే, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాక చేసుకోవచ్చు.

అనుమానాన్ని లెక్కలోకి దింపింది లండన్ బస్సులు. జెరీ మోరిస్ బృందం 1953లో ప్రచురించిన అధ్యయనంలో, రోజంతా స్టీరింగ్ ముందు కూర్చునే డ్రైవర్లకు గుండెజబ్బు ఎక్కువగా, డబుల్ డెక్కర్ మెట్లు రోజుకు కొన్ని వందలు ఎక్కిదిగే కండక్టర్లకు తక్కువగా కనిపించింది. ఒకే సంస్థ, ఒకే బస్సు, ఇంచుమించు ఒకే తరగతి మనుషులు. తేడా సీటు ఒక్కటే అనిపిస్తుంది. అయితే ఆ బృందమే 1956లో ఇంకో పని చేసింది. యూనిఫాం కుట్టించే లెక్కల్లోంచి ప్యాంట్ల నడుము కొలతలు తీసి చూసింది. డ్రైవర్ల నడుములు చిన్న వయసులోనే కండక్టర్ల నడుముల కంటే వెడల్పుగా ఉన్నాయి. అంటే సీటు మనిషిని లావు చేసిందా, లావు మనిషే సీటును వెతుక్కున్నాడా? తమ వాదనలో లొసుగును తామే దర్జీ కొలతల్లో వెతికి పట్టుకున్న ఈ నిజాయితీ నాకు చాలా ఇష్టం. ఒక గుంపును ఇంకో గుంపుతో పోల్చినంతకాలం ఈ ప్రశ్న వదలదు. వదలాలంటే ఒకే మనిషిని ఒకరోజు కూర్చోబెట్టి, ఇంకోరోజు లేపి చూడాలి.

ఆ పని ఆస్ట్రేలియాలో డేవిడ్ డన్‌స్టన్ బృందం చేసింది. 2012లో ప్రచురించిన ప్రయోగంలో, బరువు ఎక్కువగా ఉన్న 19 మంది నడివయసువాళ్లకు చక్కెరపానీయం ఇచ్చి ఒకరోజు గంటల తరబడి కూర్చోబెట్టారు, వేరే రోజుల్లో ప్రతి 20 నిమిషాలకూ రెండు నిమిషాలు నడిపించారు. నింపాదిగా నడిచిన రోజున కూడా భోజనానంతర చక్కెర ఉప్పెన దాదాపు నాలుగోవంతు తగ్గింది. వాళ్లెవరికీ మధుమేహం లేదు. అసలు ప్రశ్నకు జవాబు 2016లో, అదే పరంపరలో ప్యాడీ డెంప్సీ బృందం చేసిన ప్రయోగంతో వచ్చింది. రెండో రకం మధుమేహం ఉన్న 24 మంది, రోజుకు ఎనిమిది గంటలు, మూడు వేర్వేరు రోజులు. ఒకరోజు ఆపకుండా కూర్చోవడం, ఒకరోజు అరగంటకోసారి మూడు నిమిషాలు గంటకు 3.2 కిలోమీటర్ల వేగంతో నడవడం, ఒకరోజు ఆ మూడు నిమిషాలూ ఉన్నచోటే సగం గుంజీలు, మడమలెత్తడం, మోకాళ్లు పైకి లేపడం. లేచిన రెండు రోజుల్లోనూ భోజనానంతర గ్లూకోజు పెరుగుదల సుమారు 39 శాతం తగ్గింది. 3.2 కిలోమీటర్ల వేగమంటే పెళ్లిలో విస్తళ్ల మధ్య నడిచే వేగం. చెమట పట్టదు, చొక్కా నలగదు. ఏ మాత్రైనా మొదటి పూటే ఇంత చేస్తే దానికి మనం ఎంత ఖర్చు పెట్టేవాళ్లమో ఆలోచించండి. అదే ఏడాది అమెరికా మధుమేహ సంఘం తన సిఫారసును మార్చుకుంది. అంతకుముందు తొంభై నిమిషాలకోసారి లేవమన్నది ఇప్పుడు అరగంటకోసారి లేవమంటోంది.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. పొద్దున్నే కేబీఆర్ పార్కు చుట్టూ, విశాఖ బీచ్ రోడ్డు మీద గంట నడిచి వచ్చేవారు అడుగుతారు, మాకు ఇది కూడానా అని. వాళ్ల పక్షాన బలమైన ఆధారమే ఉంది. 2016లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ పది లక్షల మందికి పైగా లెక్కలు కలిపి చూసి, రోజుకు 60 నుంచి 75 నిమిషాలు ఓ మోస్తరు వేగంగా కదిలేవారిలో ఎక్కువసేపు కూర్చోవడం వల్ల వచ్చే మరణ ప్రమాదం కనిపించకుండా పోతోందని చెప్పింది. నేను దాన్ని ఒప్పుకుంటాను. అయితే ఆ 75 నిమిషాలు రోజూ నడిచేవారు మనలో ఎందరు? ఇండియాబ్ తొలి దశలో చూసిన నాలుగు ప్రాంతాల్లోనే సగానికి పైగా జనం తగినంత కదలనివారని తేలింది. ఇంకో మాట, ఆ విశ్లేషణ కొలిచింది మరణాన్ని. మధుమేహం ఉన్నవారికి రోజువారీ చక్కెర ఎత్తుపల్లాల లెక్క వేరు. ఆరింటికి నడిచిన కండ ఒంటిగంటన్నరకు తిన్న అన్నాన్ని కొంత గుర్తుపెట్టుకుంటుంది కానీ, పూర్తిగా కాదు. వారానికి సరిపడా మాత్రలు సోమవారం పొద్దున ఒకేసారి మింగమని ఏ డాక్టరూ చెప్పడు. కదలిక కూడా మోతాదుల మందే. నడక మానమని నేను అనడం లేదు. నడక ఆ చీటీలోని మొదటి 1. నేను అడుగుతున్నది మధ్యలోని సున్నా గురించి.

రెండో అభ్యంతరం పరిశోధకులది. 24 మంది, మూడు రోజులు, ప్రయోగశాల గది. దీనితో ఆఫీసులను మార్చమంటారా? నెలల తరబడి చేస్తే మూడు నెలల సగటు చక్కెర, అంటే హెచ్‌బీఏ1సీ, తగ్గిందా? ఇది గట్టి ప్రశ్న, దీనికి తేలిక జవాబు లేదు. ఇంగ్లండులో పురపాలక ఉద్యోగులు 756 మందితో జరిగి 2022లో ప్రచురితమైన పెద్ద ప్రయత్నంలో, ఎత్తు మార్చుకునే బల్ల ఇచ్చినవారు ఏడాది తర్వాత రోజుకు సుమారు 64 నిమిషాలు తక్కువ కూర్చున్నారు. కానీ రక్తపరీక్షల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. దీన్ని దాచిపెట్టి వాదించడం నాకు ఇష్టం లేదు. అయితే వివరంగా చూస్తే రెండు సంగతులు తోస్తాయి. వాళ్లను మధుమేహం ఉన్నందుకు ఎంచుకోలేదు. మొదటి నుంచీ మామూలుగా ఉన్న చక్కెర తగ్గడానికి చోటెక్కడిది? పైగా వాళ్లు కూర్చునే సమయంలో చాలాభాగాన్ని నిలబడటంతో నింపుకున్నారు, నడకతో కాదు. నిలబడటం కూర్చోవడం కంటే మేలే. భోజనానంతర చక్కెర మీద నింపాది నడక దానికంటే మేలని ఇలాంటి ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణలు చెబుతున్నాయి. కనుక నా వాదన హద్దు ఇది: గంటల్లో కనిపించే లాభం రుజువైంది, ఏళ్లలో కనిపించవలసిన లాభం ఇంకా రుజువు కావలసి ఉంది. మందు మానెయ్యడానికి ఇది ఆధారం కాదు. మధ్యాహ్నం మూడు నిమిషాలు లేవడానికి మాత్రం చాలినంత ఆధారమే. అపాయం దాదాపు లేని పనికీ, అపాయమున్న పనికీ ఒకే కొలత రుజువు అడగకూడదు.

ఇక అసలు మాటకొస్తాను. ఇదంతా తెలిశాక కూడా మన ఉద్యోగి లేవడు. ఎందుకు లేవడు? బద్ధకం అనేస్తే చర్చ ముగుస్తుంది, ఆఫీసుకు ఏ పనీ ఉండదు. కానీ మన ఆఫీసు భాషే వేరే కారణం చెబుతోంది. మనకు ఉద్యోగమంటే సీటు. పదోన్నతి వస్తే సీటు మారుతుంది, బదిలీ అయితే సీటు ఖాళీ అవుతుంది, పలుకుబడి ఉంటే కుర్చీ దక్కుతుంది, పోతే కుర్చీ దిగుతాడు. పని కోసం వచ్చినవాడి ఫిర్యాదులో మొదటి వాక్యం "ఎప్పుడొచ్చినా సీట్లో ఉండడండీ" అని. కాబట్టి సీట్లో ఉండటమే పని చేస్తున్నట్టు, లేవడమంటే ఎగవేతకు బయల్దేరినట్టు. హోదా పెరిగేకొద్దీ కదలిక తగ్గుతుంది. కింది గుమస్తా ఫైలు పట్టుకుని మూడు గదులు తిరిగేవాడు. పై అధికారి బెల్లు కొడితే అటెండరు వచ్చి నాలుగడుగుల దూరంలోని బీరువాలోంచి కాగితం తీసిచ్చేవాడు. టీ కూర్చున్నచోటికే, సంతకం కూర్చున్నచోటికే. ఈ-ఆఫీసు వచ్చాక గుమస్తాకున్న ఆ మూడు గదుల నడక కూడా పోయింది. ఫైలు తెర మీదే తిరుగుతోంది, మనిషి తిరగడం లేదు. ఐటీ కంపెనీల్లో బెల్లు లేదు కానీ, చాట్ కిటికీలో పేరు పక్కన పచ్చచుక్క ఉంది. ఐదు నిమిషాలు కీబోర్డు ముట్టకపోతే అది పసుపు రంగుకు తిరుగుతుంది. అమెరికా వేళలకు పనిచేసేవారికి రాత్రి భోజనం తర్వాత కూడా ఇదే కాపలా. కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయని సామెత చెప్పినవారు ఆస్తి గురించి చెప్పారు. రక్తంలోని చక్కెర విషయంలో మాత్రం కూర్చుని తింటే ఏదీ కరగదు.

ఇలా కట్టిన ఏర్పాటులో కూర్చోవడం ఉద్యోగి అలవాటు అనడం అన్యాయం. లండన్ డ్రైవరు తన ఇష్టంతో గంటల తరబడి కూర్చోలేదు, బస్సు అలా తయారైంది. ఆఫీసు కూడా అలాగే తయారైంది. అందుకే రోగికి సలహా ఇచ్చి చేతులు దులుపుకోవడం సగం వైద్యం. మిగతా సగం ఆఫీసు చేతిలో ఉంది. దీని మీద యాజమాన్యాలు అడిగే ప్రశ్న న్యాయమైనదే: అరగంటకు మూడు నిమిషాలంటే ఎనిమిది గంటల్లో 48 నిమిషాలు, అది ఎవరి ఖాతాలో? ముందు ఆ అంకెను తగ్గిద్దాం. అన్నిటికన్నా లాభం భోజనం తర్వాత గనుక, ఒంటిగంటన్నర నుంచి నాలుగున్నర దాకా చూసుకుంటే ఆరుసార్లు, 18 నిమిషాలు. అందులో సగం ఫోన్ మాట్లాడుతూ, పక్క విభాగానికి మెసేజికి బదులు మనిషే వెళ్లి చెబుతూ, పనిలోనే కలిసిపోతుంది. సిగరెట్టు కాల్చడానికి కిందికి దిగేవాడి పావుగంటను ఏ ఆఫీసూ ఏనాడూ లెక్క కట్టలేదు. లెస్టర్‌లో ఆసుపత్రుల ఆఫీసు ఉద్యోగులతో చేసి 2018లో ప్రచురించిన ప్రయత్నంలో, ఏడాది చివరికి రోజుకు 80 నిమిషాలకు పైగా తక్కువ కూర్చున్నవారు పనిలో అలసట తగ్గిందని, పని మెరుగైందని చెప్పారు. తమ గురించి తాము చెప్పుకున్న మాటలే అవి, అంతవరకే వాటి విలువ. కానీ పని చెడిందన్న ఆధారం మాత్రం రాలేదు. ఖరీదైన బల్లల సంగతి రెండు ముక్కల్లో చెప్పవచ్చు. అవి ఉంటే మంచిదే. డెంప్సీ ప్రయోగంలో సగం గుంజీలకు కావలసింది కుర్చీ వెనక రెండడుగుల చోటు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన అభ్యంతరం ఇంకొకటి. ఈ దేశంలో కూర్చునే హక్కు కోసం పోరాడినవారున్నారు. బట్టల దుకాణాల్లో పదేసి గంటలు నిలబడే అమ్మాయిల ఆందోళన తర్వాత కేరళ 2018లో, తర్వాత తమిళనాడు 2021లో, అమ్మకందారులకు కూర్చునే ఏర్పాటు ఉండాలని చట్టాలు సవరించాయి. వాళ్ల ముందు నిలబడి లేవండి అని ఉపన్యసించడం సిగ్గుగా ఉండదా? ఉంటుంది, నిలబడటమే మందు అని చెబితే. నిలబడి చేసే ఉద్యోగాల్లో ఉన్నవారికి గుండెజబ్బు ఎక్కువని కెనడాలోని ఆంటారియోలో పన్నెండేళ్లు గమనించిన అధ్యయనం 2018లో చెప్పింది. ఆ అమ్మాయి కాలినరాలకూ, ఈ గుమస్తా చక్కెరకూ కారణం ఒకటే, గంటల తరబడి ఒకే భంగిమలో కట్టేయడం. ఆమెకు కూర్చునే వెసులుబాటు, ఇతనికి లేచే వెసులుబాటు ఒకే చట్టంలో రెండు వాక్యాలుగా ఉండదగినవి.

ఇదే ఆలోచన వైద్యపరంగా కూడా జాగ్రత్త నేర్పుతుంది. మధుమేహం ఉన్న వాళ్లందరినీ ఒకే గాటన కట్టి లేపకూడదు. పాదాల్లో స్పర్శ పోయినవారికి బూటులో గులకరాయి ఉన్నా తెలియదు. వారికి ముందు మెత్తని, సరిపోయే పాదరక్షలు, రోజూ పాదాల పరీక్ష. పుండు ఉన్నవారు నడవకూడదు, కుర్చీలోనే మోకాళ్లు చాచి ముడవవచ్చు. నరాలు దెబ్బతిని, లేవగానే బీపీ పడిపోయి కళ్లు తిరిగేవారు బల్ల పట్టుకుని నెమ్మదిగా లేవాలి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి వాడేవారికి కదలిక పెరిగేకొద్దీ చక్కెర మరీ పడిపోయే అవకాశం కొద్దిగా ఉంటుంది గనుక డాక్టరుకు చెప్పి మొదలుపెట్టాలి.

మరి ఆఫీసు ఏం చెయ్యాలి? మధుమేహం ఉన్నవారి జాబితా తయారుచేసి వారిని లేపడం మాత్రం చెయ్యకూడదు. మన ఆఫీసుల్లో చాలామంది ఈ జబ్బును దాస్తారు. పదోన్నతి సమయంలో ఎవరి నోట ఏ మాట వస్తుందోనని భయం. ఇన్సులిన్ వేసుకోవడానికి బాత్రూంలోకి వెళ్లేవారున్న చోట, వాళ్లు మాత్రమే అరగంటకోసారి లేస్తే అది చాటింపు వేసినట్టే. లేవడం అందరిదీ అయితేనే వారికి మరుగు దొరుకుతుంది, అంచున ఉన్న ఆ 13.6 కోట్ల మందిలో కొందరు ఎలాగూ ఆ గదిలోనే ఉంటారు. రెండింటికి మొదలయ్యే మీటింగును పది నిమిషాలు వెనక్కి జరపడం, గంట దాటే మీటింగుల్లో మధ్యలో లేచే వీలుందని పిలిచినవారే ముందుగా లేచి చూపించడం, నీళ్ల ఫిల్టరును, ప్రింటరును హాలు చివరకు మార్చడం, పచ్చచుక్కను హాజరుపట్టీలా చూడటం మానడం, ఇవేవీ బడ్జెట్ అడగవు. పై అధికారి తన ఫైలు తానే లేచి తీసుకోవడం వీటన్నిటికన్నా ఎక్కువ పనిచేస్తుంది. మన దగ్గర సర్క్యులర్ కంటే ఆయన కాళ్లనే ఎక్కువమంది చదువుతారు.

ఉద్యోగి తన మటుకు తాను చూసుకోవడానికి కూడా మార్గముంది. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే రెండు వారాలు చాలు. మొదటి వారం ఎప్పటిలాగే కూర్చుని, రెండో వారం భోజనం తర్వాత అరగంటకోసారి లేచి, రెండు వారాల్లోనూ అదే కారియర్ తిని, అన్నం మొదలుపెట్టిన రెండు గంటలకు వేలు పొడుచుకుని అంకె రాసుకోవాలి. ఒకరోజు అంకెను నమ్మకూడదు, వారం సగటు చూడాలి. తేడా కొందరికి పెద్దగా, కొందరికి స్వల్పంగా రావచ్చు. ఎంత వచ్చినా, తర్వాతిసారి డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఆ రెండు వరసల అంకెలూ బల్ల మీద పెట్టి, చీటీలో మధ్యాహ్నం గడిలో ఏం రాస్తారని అడగవచ్చు.